పది సీసాలు, ఒక ఎర్ర గీత

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను తిరగేసి చేశాను. పద్దెనిమిదేళ్ళు మలావీ, జాంబియా దేశాల పల్లె ఆసుపత్రుల్లో మందుల అరలు సర్ది, నర్సులకు పాఠాలు చెప్పి, పోయిన వేసవిలో రెండు ఉద్యోగాల నడుమ రెండు నెలల పైన సెలవు దొరికితే మా ఊరికి వచ్చాను. మా ఊరు తమిళనాడులో రాయకోటకు ఇవతల, మామిడి తోపుల మధ్య; ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. ఇంట్లో లక్ష్మణప్ప అన్న, అంబిక వదిన, వాళ్ళ కూతురు మంజు. నేను పెళ్ళి చేసుకోలేదు కాబట్టి నాకూ అదే ఇల్లు.

నా ఉద్యోగం ఏమిటో ఊళ్ళో ఎవరికీ సరిగా తెలియదు. డాక్టరమ్మ అనేవాళ్ళు కొందరు. నేను డాక్టర్ని కాను. పల్లె క్లినిక్కులో రోగి వచ్చే వేళకు మందు ఉండేలా చూడటం నా పని. ఆ పనిలో అక్కడ నాకు పేరుంది, గర్వం కూడా ఉంది. ఎంత గర్వమో చెప్పడానికే ఈ కథ.

వచ్చిన నాలుగో రోజే నాగేశప్ప ఇంటికొచ్చాడు. మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అతను ఫార్మసిస్టు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఒకే బడిలో చదువుకున్నాం.

"జ్ఞానక్కా, పై నెల మా సెంటర్‌కు ఇన్‌స్పెక్షన్. ఢిల్లీ నుంచి టీమ్ వస్తా ఉండాది. పాసయితే సర్టిఫికేటు. నువ్వు ఆ దేశాల్లో ఇదే పని చేసినావంట గదా. ఒక తూరి వచ్చి చూసిపోక్కా" అన్నాడు.

నేను జవాబు చెప్పకముందే వదిన వంటింట్లోంచి అందుకుంది. "తీసకపోప్పా, పుణ్యముంటాది. నాలుగు దినాలుగా నా వంటింట్లో డబ్బాలకంతా చీటీలు అంటిస్తా ఉండాది. పద్దెనిమిదేళ్ళు ఈమెను ఓర్చుకున్న ఆఫ్రికా వాళ్ళకు దండం పెట్టాల."

అందరం నవ్వాం. వదిన మాటలు అలాగే ఉంటాయి. మా అన్న ఏడాదికి మాట్లాడేది ఆమె ఒక పూటలో మాట్లాడుతుంది. తోపులో కోత, కూలీలు, ట్రాక్టరు, ఫ్యాక్టరీ వాళ్ళతో బేరం, అన్నీ ఆమె చేతిమీదే.

రెండు రోజులు సెంటర్‌లో కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, హాయిగా అనిపించింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని నేను అడుగుతుంటే, నాగేశప్ప, స్టాఫ్ నర్సు సహన చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాలం చెల్లిన మందులు ఏరేయించాను. అరలు కడిగించాను. ఫ్రిజ్‌లో పాముకాటు మందు పది సీసాలు ఒక మూల టీకాల వెనకాల పడున్నాయి. వాటిని ముందుకు తెప్పించి, అట్ట మీద ఒక చీటీ రాశాను. అందరికీ అర్థమయ్యేలా తమిళంలో, పెద్ద అక్షరాలతో. మందు పేరు, సంఖ్య, కింద ఎర్ర సిరాతో గీత. గీత పక్కన 'పదికి తగ్గరాదు' అని.

"ఏమన్నా గానీ, పది ఉండాలప్పా. టీమ్ వచ్చిన దినం ఒక్కటి తగ్గినా మార్కులు పోతాయి" అన్నాను.

"ఉంటాయక్కా. ముత్యాల మాదిరి రాసినావు" అని నాగేశప్ప చీటీని తానే ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే నన్ను చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఇన్‌స్పెక్షన్ గురువారం. ఆ ముందు సోమవారం సాయంత్రం నేను హోసూరు వెళ్ళి, మూకండపల్లిలో స్నేహితురాలి ఇంట్లో ఉండిపోయాను. మంగళవారం పొద్దున ఆరు గంటలకు మంజు ఫోన్.

"అత్తా, అమ్మను పాము కరిచింది."

తోపులో ముందురోజు కోసిన కాయలు కుప్ప పోసి, మీద వరిగడ్డి కప్పి ఉంచారు. ట్రాక్టరుకు ఎత్తడానికి వదిన గడ్డి తీస్తుంటే చేతి మీద కాటేసిందట.

"ఏం పాము?"

"రక్తపింజర. నాయన కొట్టినాడు. అమ్మ చెయ్యి వాస్తా ఉండాది అత్తా."

"తాడు కట్టొద్దు, కొయ్యొద్దు. చెయ్యి కదపనీయకుండా మన సెంటర్‌కు తీసకపొండి. మందు ఉండాది ఆడ. పది సీసాలు. నేనే లెక్కపెట్టినా. భయపడొద్దమ్మా" అన్నాను. నిజంగానే నాకు భయం లేదు. తోపు నుంచి సెంటర్ పది నిమిషాలు. ఇలాంటి పొద్దు కోసమే కదా నేను పద్దెనిమిదేళ్ళు బతికింది అనుకుంటూ చీర మార్చుకున్నాను.

ఆరూ నలభైకి అన్న ఫోన్. "మందు లేదంట. కృష్ణగిరికి పొమ్మన్నారు. 108 ఎక్కినాం."

"ఉండాది అన్నా! నేను చూసినా!"

"లేదంటే నేనేం జేసేది? ఆ నర్సమ్మ కాళ్ళు పట్టుకుంటి. పెట్టు ఫోను."

నేను హోసూరు నుంచి యాభై కిలోమీటర్లు ప్రయాణం చేసి కృష్ణగిరి పెద్దాసుపత్రి వాకిట్లో దిగాను. వాళ్ళు రావాల్సింది ముప్పై. నేను వచ్చిన పావుగంటకు గానీ వాళ్ళ అంబులెన్స్ రాలేదు. దారిలో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డంతా నిలబడిపోయి ఉన్నాయట. సీజన్లో అది రోజూ ఉండే తంతే. అన్న అంబులెన్స్ దిగి ఒక్కొక్క డ్రైవరుకూ దండం పెట్టి బండ్లు జరిపించాడట. ఆ వరసలో రెండు ట్రాక్టర్లు మావే, ముందురోజు రాత్రి పంపినవి.

స్ట్రెచర్ మీద వదిన పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. నన్ను చూసి ఏదో చెప్పబోయింది. ఆ మనిషి నోట మాట రాకపోవడం నేను మొదటిసారి చూశాను.

మందు ఎక్కించారు. ప్రాణం నిలిచింది. మూత్రం మాత్రం ఆగిపోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి, డయాలిసిస్ మొదలుపెట్టాలి అన్నారు. "రెండు గంటల ముందు మందు పడి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదేమో" అన్నాడు అక్కడి డాక్టరు, నా మొహం చూడకుండా కాగితం మీద సంతకం పెడుతూ. అన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నా ఒంట్లో మాత్రం నిప్పు పుట్టింది. మందు లేదని ఎవరన్నారో వాళ్ళ గొంతు పట్టుకుంటే తప్ప చల్లారని నిప్పు.

గురువారం పొద్దున బస్సెక్కి మా ఊరు వెళ్ళాను. సెంటర్ గుమ్మానికి మామిడాకుల తోరణం, వాకిట్లో రంగుల ముగ్గు. లోపల టీమ్ వాళ్ళు ముగ్గురు ఫైళ్ళు పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. నేను వాళ్ళను తోసుకుని వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశాను.

పది సీసాలు. పేర్లు బయటికి కనిపించేలా, బొమ్మల కొలువులో పెట్టినట్టు వరుసగా.

ఆ తర్వాత నేనేమన్నానో పూర్తిగా గుర్తు లేదు. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి, తెలుగులోంచి బూతుల్లోకి దిగానని మంజు ఊళ్ళో విని తర్వాత చెప్పింది. "ఈ మందు ఎవరికోసం పెట్టుకున్నారు? పాములకు తాపించేదానికా? మా వదిన ఈ గుమ్మంలో పడి అడుక్కుంటే లేదన్నారు. ఇవేంది? ఇవేంది నాగేశప్పా?" అని మాత్రం అరిచానని తెలుసు. సహన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాగేశప్ప తల ఎత్తలేదు. టీమ్ పెద్ద "ఎవరీమె?" అని అడిగాడు. ఆ గలాటాలోనే ఇంకొకాయన ఫోన్ తీసి ఫ్రిజ్ తలుపును ఫోటో తీసుకున్నాడు. తర్వాత వాళ్ళు కాన్పుల గది చూడటానికి వెళ్ళిపోయారు.

నాగేశప్ప నన్ను వెనక వసారాలోకి పిలిచాడు.

"అక్కా, ఆ పొద్దు సహన నాకు ఫోన్ చేసింది, తియ్యనా అని. పది వాడితే మళ్ళా రావడానికి నెల పైన అవుతాదక్కా. పోయిన తూరి ఆరు వాడితే నలభై దినాలకు వచ్చినాయి. గురువారం టీమ్. డాక్టరు తొమ్మిదికి గానీ రారు. కృష్ణగిరిలో అంతా ఉండాది, గంటలో పోతారు అనుకున్నా. అంబికమ్మ అని నాకు తెలీదక్కా, మా నాయన మీదాన."

"ఎవరైతే ఏం? ఎవరైనా మనిషే గదా?"

"నిజమే." గోడ వైపు తిరిగాడు. "ఏమన్నా గానీ పది ఉండాలని నువ్వే గదక్కా చెప్పినావు."

బయట ఎవరో టీమ్ వాళ్ళకు కాఫీ తెమ్మని కేక వేశారు. "నేను చెప్పింది ఇందుకా?" అన్నాను. వచ్చిన బస్సులోనే తిరిగి కృష్ణగిరి వెళ్ళిపోయాను.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కలెక్టరాఫీసుకు ఫిర్యాదు రాశాను. నాలుగు పేజీలు. తేదీలు, టైములు, నాగేశప్ప పేరు, సహన పేరు, అంబులెన్స్ నంబరు. ఇలాంటివి రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. నాలుగు పేజీల్లో ఎక్కడా ఆ చీటీ ఊసు లేదు.

మలావీలో ఎస్తేర్ అని ఒక నర్సు ఉండేది. ఎర్ర గీత అక్కడ నేను గీయించిందే. ఒకరోజు మలేరియా పిల్లలు వరసగా వస్తే ఇంజెక్షన్లన్నీ వాడేసి, అర నున్నగా అయ్యాక నాకు ఫోన్ చేసింది. "గీత దాటాను. పిల్లలు బతికారు. బండి పంపు" అంది. మూడు మాటలే. మరునాటికి మోటారు సైకిల్ మీద మందు వెళ్ళింది. అక్కడ ఎర్ర గీత అర్థం పరుగెత్తమని. ఆ పరుగెత్తే మోటారు సైకిల్ కోసం నేను, నాలాంటివాళ్ళు ఆరేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి తన్నులాడాం. మా ఊరికి వచ్చి గీత ఒక్కటి గీసి పెట్టాను. మందు అడిగితే ఎన్నాళ్ళకు వస్తుందప్పా అని నాగేశప్పను ఒక్క మాట అడగలేదు. ఏ దేశంలోనైనా నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న అది. మా ఊరే గదా, నాకు తెలియనిదేముంది అనుకున్నాను.

ఇదంతా నాకు ఆ వసారాలోనే తెలుసు. తెలిసీ నాలుగు పేజీలు రాశాను.

ఫిర్యాదు బాగా పనిచేసింది. పదిరోజుల్లో నాగేశప్పను సస్పెండ్ చేశారు. సహనను ఎక్కడికో కొండ మీది ఊరికి మార్చారు. ఊళ్ళో నా పేరు మోగిపోయింది. "లక్ష్మణప్ప చెల్లెలంటే ఏమనుకున్నారు? వాణ్ణి పీకేసేదాకా వదల్లా" అని టీ అంగట్లో చెప్పుకున్నారు. నోరు విప్పని మా అన్న కూడా ఒకరోజు నా భుజం తట్టి "నువ్వు ఉండబట్టి సరిపోయింది" అన్నాడు. నేను ఆ చెయ్యి కింద తల వంచుకుని నిలబడ్డాను. నా మీద నాకున్న కోపాన్నంతా నాగేశప్ప మీద పోసి బతికాను ఆ నెలన్నర. వారానికి మూడు రోజులు వదినను డయాలిసిస్‌కు తీసుకుపోవడం, యంత్రం తిరుగుతున్న నాలుగు గంటలూ పక్కన కూర్చుని వాణ్ణి తిట్టడం. వదిన కళ్ళు మూసుకుని వినేది. "ఊ" అని కూడా అనేది కాదు.

జూన్ చివర విచారణకు పిలిచారు. గది బయట నాగేశప్ప, అతని భార్య బల్ల మీద కూర్చుని ఉన్నారు. అతను లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు. అలవాటు కొద్దీ పెట్టాడు, అంతే. ఆ నమస్కారం నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

లోపలికి వెళ్ళి ఆఫీసరుకు చెప్పేశాను. చీటీ రాసింది నేను, పదికి తగ్గకూడదని నోటితో చెప్పింది నేను, మార్కులు పోతాయని భయపెట్టింది నేను అని.

ఆఫీసరు కలం ఆపాడు. "మీరు డిపార్ట్‌మెంట్ మనిషి కాదు గదమ్మా?"

"కాను. కానీ చెప్పింది నేను."

"ఫారంలో బాధ్యులైన సిబ్బంది అని ఉండాది. మీకు కాలమ్ లేదు. పైగా మీరే ఫిర్యాదుదారు. ఆ మాట రాస్తే కేసు తికమక అవుతాది. వదిలేయండి."

"అయితే తెల్ల కాగితం ఇవ్వండి, నేను రాసిస్తా."

రాసిచ్చాను. గుండుసూదితో ఫైలు వెనక గుచ్చాడు. అది ఎవరూ చదవరని అతనికి తెలుసు, నాకూ తెలుసు. అలాంటి ఫైళ్ళు నేనెన్ని చూడలేదు! ముప్పై లక్షల మంది మందుల లెక్కకు ఫారాలు తయారుచేసినదాన్ని, నా తప్పు రాసుకోవడానికి నాకొక కాలమ్ లేకపోయింది. బయటికొచ్చి నాగేశప్పతో "రాసిచ్చినా నాగేశప్పా" అన్నాను. అతని భార్య మొహం తిప్పుకుంది. ఆమె తప్పేమీ లేదు.

ఆ రోజు వదినకు డయాలిసిస్ రోజే. మంజును టీ తాగి రమ్మని పంపి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"వదినా, ఫ్రిజ్ మీద చీటీ రాసింది నేను. పది తగ్గకూడదని నాగేశప్పకు చెప్పింది నేనే."

"తెలుసు" అంది, కళ్ళు తెరవకుండానే.

"ఎవరు చెప్పినారు?"

"సహన. ఐసీయూలో ఉండంగా చూసేదానికి వచ్చి ఏడ్చి చెప్పిపోయింది."

"నెలన్నర నుంచీ తెలుసా? నన్ను ఎందుకు అడగలా?"

"నువ్వుగా చెప్తావా లేదా అని చూస్తా ఉంటి. దినమూ ఈడ కూర్చొని వాణ్ణి తిడతా ఉంటివి. చూస్తా ఉంటి." ఇప్పుడు కళ్ళు తెరిచింది. "వాడూ తప్పే చేసినాడు, లేదని అబద్ధం చెప్పినాడు. అది వేరే. నీది నువ్వు యాడ దాచినావు?"

నాకు ఏడుపు ఆగలేదు. వదిన సూదులు లేని చెయ్యి ఎత్తి అడ్డం పెట్టింది.

"ఏడ్చొద్దు. నాకు కోపమొస్తా ఉండాది. వారానికి మూడు దినాలు ఈ మిషన్‌కు కట్టేసినట్టు పడుండేది నేను. నీ ఏడుపు కూడా నేనే మొయ్యాలా? ఆ చీటీ ఇంకా ఆడనే ఉండాదా?"

"ఉంటాది."

"పోయి పీక్కోనిరా. తక్కిన మాటలు తరువాత."

మరునాడు పొద్దునే సెంటర్‌కు వెళ్ళాను. గోడకు అద్దాల చట్రంలో సర్టిఫికేటు వేలాడుతోంది. తొంభైకి పైన మార్కులు. నాగేశప్ప కుర్చీలో ధనుష్ అని సామల్పట్టి నుంచి కొత్తగా వచ్చిన ఫార్మసిస్టు. ఫ్రిజ్‌లో సీసాలు పదీ అలాగే ఉన్నాయి. చీటీ అలాగే ఉంది. గోళ్ళతో పట్టి లాగాను.

"అయ్యో మేడమ్, పీకొద్దండి!" ధనుష్ కుర్చీలోంచి లేచాడు. "టీమ్ మెచ్చుకుంది దాన్నే. ఫోటో తీసుకుపోయి జిల్లా అంతా పంపినారు. అచ్చేయించి అన్ని సెంటర్లలోనూ అంటించమని ఆర్డరు. చూడండి."

ఫోన్ తీసి చూపించాడు. ఒకదాని తర్వాత ఒకటి ఫ్రిజ్ తలుపులు. అన్నింటి మీదా నా అక్షరాలు, నా ఎర్ర గీత. కింద 'మంచి పద్ధతి' అని ఎవరో అచ్చు అక్షరాల్లో చేర్చారు.

"మందు అడిగితే ఎన్నాళ్ళకు వస్తాదప్పా మీకు?" అని అడిగాను.

"నెల, నెలన్నర. ఏం మేడమ్?"

ఇంటికి వచ్చేసరికి వదిన వసారాలో మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. మంజు పక్కన కూర్చుని కొలిచి ఇచ్చిన నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉంది. చిరిగిన అట్టముక్క వదిన చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.

"అక్షరాలు బాగుండాయి" అంది.

నేను ఫోటోల సంగతి చెప్పాను. ఆమె పెదవులు బిగుసుకున్నాయి. చిరిగిన చీటీని నా మీదికి విసిరేస్తుందనుకున్నాను. తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు నాకు చూపించింది.

"రాయి. పాము కరిచిన మనిషి వస్తే పదీ వాడండి. వాడినాక ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి, అని. నంబరు నీదే పెట్టు. మందు తెప్పించే పని నీది గదా."

రాశాను. ఈసారి అక్షరాలు వంకరపోయాయి.

"ఎన్ని సెంటర్లు?"

"యాభైకి పైన."

పై ఆదివారం నాకు మలావీకి విమానం. కొత్త ఉద్యోగం, అదే జీతం, అదే ఎర్ర గీతలు. ఆ సంగతి వదినకు తెలుసు. నా పెట్టె సగం సర్ది అదే వసారాలో, ఆమె మంచానికి ఎదురుగా ఉంది. వదిన పెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది, తర్వాత కూతురి వైపు తిరిగింది.

"మంజూ, స్కూటర్ తాళాలు మీ అత్తకియ్యి."